ఆదివారం చదవాల్సిన కాగితం

జూన్ 9, ఆదివారం

తమ్ముడూ,

ఊరంతా నిన్ను ఫాదరుగారూ అంటుంది. నలుగురిలో నేనూ అలాగే అంటాను. ఉత్తరంలో మాత్రం నా వల్ల కాదు. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చేత్తో 'ఫాదరుగారికి' అని రాయబోతే నాకే నవ్వొస్తుంది.

ఇక్కడ బిషప్పుగారి ఇంట్లో అప్పాల గదిలో పని ఎప్పటిలాగే ఉంది. కొత్త అచ్చు బాగా కాలుతోంది, పాతది ఒక పక్క మాడుస్తుంది. నాకు సాయానికి పెట్టిన అమ్మాయికి అప్పం పలకను తడిగుడ్డ కింద ఎంతసేపు ఉంచాలో ఇంకా తెలీదు. ఎక్కువసేపు ఉంచితే మెత్తబడిపోతుంది, తక్కువైతే గుండ్రంగా కత్తిరించేటప్పుడు అంచులు రాలిపోతాయి. రోజుకి నాలుగుసార్లు చెప్తాను, నాలుగుసార్లూ తలూపుతుంది.

విషయానికొస్తాను. జల్లెడమ్మ సంగతిలో పైనుంచి తీర్పు వచ్చింది. పూజలో పంచే మన అప్పంలో గోధుమపిండీ నీళ్ళూ తప్ప మూడోది కలవకూడదని నీకు నేను చెప్పాలా. కలిస్తే అది అప్పం కాదు, దాంతో చేసిన పూజ పూజ కాదు. నిరుడు ఐదు నెలలపాటు ఇక్కణ్ణుంచి నలభై రెండు గుళ్ళకు వెళ్ళిన అప్పాల్లో సగానికి సగం బియ్యప్పిండి ఉందని తనిఖీలో తేలింది కదా. పిండి జల్లించేది ఆవిడ. బియ్యప్పిండి డబ్బా దొరికింది ఆవిడ అలమర వెనకాల. అన్ని నెలల పూజల సంగతి బిషప్పుగారి చేతిలో తేలేది కాదని పోపుగారికి రాశారు. ఇప్పుడు జవాబొచ్చింది. ఆవిడ తెలిసే, కావాలనే ఆ పని చేసిందట. అందుకని శ్రీసభ నుంచి వెలివేశారు. ఆ కాగితాన్ని ఆవిడ సొంతూరి గుడిలో, ఆదివారం పూజలో, అందరూ వినేలా గురువు చదవాలట.

ఆవిడ సొంతూరి గుడి ఇప్పుడు నీ చేతిలో, నీ విచారణలోనే ఉంది కదా. ఈ వారంలో నీకు కాగితం వస్తుంది. చదివేసి మడిచి పెట్టెయ్. రెండు నిమిషాల పని. అందరికీ ఈ గొడవ ఒదిలిపోతుంది.

నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఫిబ్రవరిలో మీ ఊరి ధ్యానాలకు వచ్చినప్పుడు గుసగుస ఫాదరు దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను, నా పాపాలన్నీ చెప్పుకున్నాను. గొంతు ఆపరేషనయ్యాక ఆయన మాటంతా గాలే గానీ, సంకీర్తనం గూట్లో జాలీకి చెవి ఆనిస్తే బాగానే వినపడుతుంది. చేసుకుంటే మనసు తేలికపడుతుందనుకున్నాను. ఇంకా పడలేదు. వయసు కాబోలు.

మూడు పొట్లాలు అప్పాలు పంపుతున్నాను. లెక్క చూసుకో.

నీ అక్క


జూన్ 14

అక్కకు,

అప్పాలు చేరాయి. ఒక్కటీ విరగలేదు. నీ ఉత్తరమూ బిషప్పుగారి కాగితమూ ఒకే రోజు వచ్చాయి. నీ ఉత్తరమే ముందు చదివాను, రెండోది విప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

అక్కా, ఆ కాగితం నేను చదవలేను. ఇదే మాట బిషప్పుగారికీ రాశాను. ఇక్కడి బల్ల దగ్గర కూర్చుని నాలుగుసార్లు రాసి చించి, అయిదోసారి రాసింది పంపాను. రాస్తున్నంతసేపూ చెయ్యి వణికింది. నాకు ఎప్పుడూ అలా అవదు.

ఆవిడ ఇక్కడే ఉంటోంది. బజారులో ఒక దర్జీ కొట్లో గుండీలు కుడుతోంది. పొద్దున్నే మొదటి పూజకొచ్చి చివరి బెంచీలో కూర్చుంటుంది. అందరూ లేచి దివ్యసత్ప్రసాదపు అప్పం అందుకోడానికి వరుసలో వస్తారు. ఆవిడ మాత్రం మోకాళ్ళు పక్కకి తిప్పి అందరికీ దారిస్తుంది, తను లేవదు. మొన్న గుమ్మం దగ్గర ఆగి, "ఫాదర్, అందులో నా పేరు కూడా చదువుతారా?" అని అడిగింది. ఇంకేం అడగలేదు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాను. గురువునై ఇరవై ఏళ్ళయింది, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఆ కాగితంలో "విచారించి రుజువైనందున" అని ఉంది. ఆవిణ్ణి పిలిచి ఎవరూ విచారించలేదు. డబ్బా దొరికింది, ఆవిడ ఏడ్చింది. అంతే జరిగింది. రుజువైందని పీఠం దగ్గర నిలబడి నా నోటితో నేను ఎలా చెప్పను?

భయంగా ఉంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను. వరండా కప్పు మళ్ళీ కారుతోంది, బకెట్టు పెట్టాను. ఆ చుక్కల చప్పుడు వింటుంటే ఎవరో తలుపు తడుతున్నారనిపిస్తోంది.

నువ్వు వేళకి తిను. నిద్రపట్టకపోతే డాక్టరుకి చూపించుకో.

తమ్ముడు


జూన్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం అచ్చు దగ్గరే విప్పాను. పాత అచ్చు మీద రెండు పలకలు మాడి బొగ్గయ్యాయి. ఆ అమ్మాయి కిటికీలు తెరిచి పొగ తోలుతుంటే నేను స్టూలు మీద కూలబడి నీ ఉత్తరమే చూస్తున్నాను.

నీకు మతి ఉందా? అది బిషప్పుగారి కాగితం కాదు, పోపుగారిది. గురుపట్టం రోజున నేల మీద బోర్లా పడుకుని, లేచి, బిషప్పుగారి చేతుల్లో చేతులు పెట్టి విధేయత ఇస్తానన్నావు. మొదటి బెంచీలో కూర్చుని నేను విన్నాను. మన కుటుంబంలో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. అమ్మ లేదు, నాన్న లేడు. నీకు ఆరేళ్ళప్పటి నుంచి నిన్ను మోసింది నేను. నువ్వు గురువువి కావాలని నా పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఇవన్నీ దెప్పడానికి రాయడం లేదు. సరే, దెప్పడానికే రాస్తున్నాను.

గడ్డం తీసెయ్యమని బిషప్పుగారంటే ఆ సాయంత్రమే తీసేశావు. నీకిష్టమైన బడి వదిలి ఆ మూల ఊరికి పొమ్మంటే పెట్టె సర్దుకుని వెళ్ళావు. అన్నిటికీ తలూపినవాడివి, దీనికెందుకు మొరాయిస్తున్నావు? ఎవర్నీ పిలిచి అడక్కుండా వచ్చిన తీర్పులు లోకంలో ఇదొక్కటేనా? నువ్వేమన్నా పోపుగారికంటే పెద్దవాడివా?

ఇక్కడ వంటింట్లో ఏమనుకుంటున్నారో తెలుసా. ఆవిడ పొద్దున్నే వస్తుందట, గుమ్మం దగ్గర మాట్లాడుతుందట, ఫాదరుగారి మనసు కరిగిందట. నవ్వుతూనే అంటున్నారు. ఆ నవ్వు నాకు ఒళ్ళంతా కంపరం పుట్టిస్తోంది. ఆవిడకి భర్త లేడు, నీకు నలభై ఏడు. ఈ మాట బిషప్పుగారి చెవిన పడితే ఏమవుతుంది?

ఆవిడ కన్నీళ్ళు చూసి కరిగావా? నిజం చెప్పు. నాకు చెప్పుకోలేనిది ఏముంది?

నిన్న కార్యదర్శి ఫాదరు అప్పాల గదిలోకి వచ్చారు. ఎప్పుడూ రారు. "మీ తమ్ముడు బాగున్నాడా అమ్మా?" అని అడిగి, అచ్చు పిడి పట్టుకు చూసి వెళ్ళిపోయారు.

చదివెయ్ నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క


జూన్ 23

అక్కకు,

దర్జీ కొట్టు ఆవిడ గురించి వంటింటివాళ్ళు అనుకునేది నిజం కాదు. దాని గురించి ఇంకో మాట రాయను. నువ్వు నమ్ముతావని తెలుసు.

నువ్వడిగిన పెద్ద ప్రశ్న సంగతి రాస్తాను. పోపుగారికంటే పెద్దవాణ్ణి కాను. ఆయన పేరు రోజూ పూజలో చెప్తాను, ఈ పూట కూడా చెప్పాను, ప్రేమతోనే చెప్పాను. ఆయన ఈ గుడి మూసెయ్యమంటే తాళం వేస్తాను. ఉపవాసం పెంచమంటే పెంచుతాను. పూజలో మాటలు మారిస్తే కొత్తమాటలు నేర్చుకుంటాను, కాస్త గొణుక్కుంటానేమో. నన్ను ఇంతకంటే మారుమూలకి పంపినా పెట్టె సర్దుకుంటాను. అవన్నీ నావి, నేనిచ్చేశాను. పొరుగు మనిషి పరువు నాది కాదు. నాది కానిదాన్ని ఎవరికీ ఇవ్వలేను అక్కా, అడిగింది ఎంత పెద్దవారైనా.

విశ్వాసం గురించి ఆయన సభ మొత్తానికి పీఠం మీదనుంచి నిర్ణయించి చెప్పేది వేరు. ఫలానా ఊళ్ళో ఫలానా డబ్బా ఎవరిదన్నది వేరు. రెండోది ఆయనకు ఎవరో రాసి పంపితే తెలిసింది. రాసినవాళ్ళు పొరబడితే ఆయనా పొరబడతారు. ఇది నేను కనిపెట్టింది కాదు. సెమినరీలో ముసలి పంతులుగారు సుద్దముక్కతో బోర్డు మీద రెంటి మధ్యా గీత గీసి మరీ చెప్పారు. అప్పుడు మేమంతా పరీక్షకి వస్తుందా రాదా అని చూసుకున్నాం.

ఇలా రాస్తుంటే నేనేదో ధీరుణ్ణనుకునేవు. కాదు. పోస్టు సైకిలు గంట మోగితే ఉలిక్కిపడి తలుపు చాటుకి పోతున్నాను. ఈ పని లేకపోతే నాకు ఇంకేం చేతకాదు. వంట రాదు. వ్యాపారం రాదు. రేపటినుంచి పూజ చెయ్యొద్దంటే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలీదు.

ఒక్కటే అడుగుతాను. నా కోసం ఎవరి దగ్గరికీ వెళ్ళకు. ఎవరినీ బతిమాలకు. నా కోసం ప్రార్థన చెయ్యి, అది చాలు.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడూ,

వెళ్ళొద్దన్నావు. వెళ్ళాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

బిషప్పుగారు దొరకలేదు. కార్యదర్శి ఫాదరే కూర్చోబెట్టారు. నీకు ఆరోగ్యం బాలేదనీ, గంట మోగినా ఉలిక్కిపడుతున్నావనీ, చేతులు వణుకుతున్నాయనీ, మనసు స్తిమితంగా లేదనీ చెప్పాను. నువ్వు రాసినవేగా. పాపం జబ్బుమనిషి అని వదిలేస్తారనుకున్నాను. ఆయన నవ్వి, "జబ్బుమనిషి నాలుగు పేజీల ఉత్తరం ఒక్క తప్పు లేకుండా రాశాడమ్మా" అన్నారు.

అప్పుడు నాకొకటి తోచింది. ఆవిడ పాపసంకీర్తనంలో నీ దగ్గర ఏదో చెప్పుకుని ఉంటుంది. అందుకే నువ్వు నోరు విప్పడం లేదు. అంతేగా? లేకపోతే నాకు కూడా చెప్పకుండా ఎందుకు ఉంటావు? అదే అన్నాను. "మా తమ్ముడు సంకీర్తనంలో ఏదో విని ఉంటాడు, అందుకే చదవడానికి మనసు రాక సతమతమవుతున్నాడు" అన్నాను. దాంతో ఆయనకి నీ కష్టం అర్థమవుతుందని నా ఆశ.

ఆయన నవ్వు ఆపేశారు. ఒక కాగితం తీసి నేనన్న మాట రాసుకున్నారు. తారీఖు వేసి, నన్ను పంపించేశారు. మెట్లు దిగుతుంటే నాకు దిగులు పట్టుకుంది. మంచే చేశాను కదా? చేశాననే అనుకుంటున్నాను. వెంటనే రాయి.

ఆవిడ నీ దగ్గర ఏం చెప్పిందో నాకొద్దు. కానీ ఆవిడ మాట పట్టుకుని నిన్ను నువ్వు పాడుచేసుకోకు. మనుషులు సంకీర్తనంలో కూడా అబద్ధాలాడతారు.

అక్క


జూలై 4

అక్కకు,

నన్ను పిలిపించారు. నీకు తెలియకుండానే వచ్చి వెళ్ళాను. అప్పాల గది పొగగొట్టం కనిపించింది. లోపలికి రాలేకపోయాను.

పొడవాటి బల్ల, అవతల ముగ్గురు, ఇవతల నేను. గ్లాసుడు మంచినీళ్ళు పెట్టారు. నీ మాట చదివి వినిపించి అడిగారు. ఈ విషయంలో సంకీర్తనంలో ఏమైనా విన్నారా అని. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నేను మాట్లాడలేదు.

ఇది నీకు కోపంతో రాయడం లేదు, అర్థమవాలని రాస్తున్నాను. సంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, ఆ ప్రశ్నకు జవాబు కూడా ఇవ్వకూడదు. అవునంటే ఎవరో ఏదో చెప్పారని అర్థం. ఈసారి కాదని చెప్పి, ఇంకోసారి మాట్లాడకపోతే, అప్పుడు ఆ మౌనమే అవునవుతుంది. అందుకని విన్నా వినకపోయినా ఒక్కటే పద్ధతి. నేను విన్నాననీ అనడం లేదు, వినలేదనీ అనడం లేదు. పోపుగారే ఎదురుగా కుర్చీ వేసుకుని అడిగినా అంతే. ఆయన అడగరు. ఆయనా తన పాపాలు ఒక గురువు దగ్గర మోకరించి చెప్పుకుంటారు.

వాళ్ళు మాత్రం రెండు రకాలుగా రాసుకున్నారు. వినకపోతే ఈ మౌనం పొగరు. వింటే సంకీర్తనంలో విన్నదాన్ని బయట వాడుకుంటున్నాను, అది ఇంకా ఘోరం. దానికి శిక్ష వెయ్యాల్సింది పోపుగారే. ఇంతకు ముందు నా మీద ఒక్క నేరమే ఉండేది.

ఈ నెల 14, ఆదివారం పూజలో కాగితం చదవాలి. చదవకపోతే ఆ పూటే గుడి తాళాలు కార్యదర్శి ఫాదరుకిచ్చి, ముసలి గురువుల ఇంటికి వెళ్ళాలి. ఆపైన పూజ చెయ్యకూడదు, సంకీర్తనాలు వినకూడదు. చివరి మాట ఎప్పుడొస్తుందో తెలీదు.

నువ్వు మంచే అనుకుని చేశావు. దాని గురించి బెంగపెట్టుకోకు. ఇక ఏమీ చెయ్యకు.

తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాయవని తెలుసు. అయినా ముందే చెప్తున్నాను.

ఈ పొద్దున గుసగుస ఫాదరు అప్పాల కోసం ఆయనే వచ్చారు. ముసలి గురువుల ఇంట్లో ఇప్పుడు ఆ పని ఆయనదట. స్టూలు వేసి కూర్చోబెట్టాను. నీ గురించి బాధపడ్డారు. ఆ గాలి గొంతుతోనే, "మంచివాడమ్మా. ఫిబ్రవరి ధ్యానాలకి నన్ను పిలిచాడు గానీ వెళ్ళిన పూటే నాకు జ్వరం తగిలింది. మూడు రోజులూ మంచం దిగలేదు. నా గూట్లో కూడా పాపం తనే కూర్చున్నాడు" అన్నారు.

నా చేతిలోంచి అచ్చు మూత జారి ధడాలున పడింది. వేలు కాలింది. ఆయన కంగారుపడి నీళ్ళు తెచ్చారు. నాకు మంట తెలీలేదు.

నేను మోకరించినప్పుడు గూట్లో చీకటి. జాలీకి అవతల గుసగుస వినపడింది. ఆ ఊళ్ళో గుసగుసగా మాట్లాడే గురువు ఆయనొక్కరే అనుకున్నాను. గూట్లో కూర్చుంటే ఎవరైనా గుసగుసగానే మాట్లాడతారని నా బుర్రకి తట్టలేదు. అంతా చెప్పాక అవతలినుంచి చాలాసేపు మాటలేదు. ముసలాయన కునికిపాట్లు పడుతున్నారనుకుని జాలీ మీద వేలితో తట్టాను కూడా. నిన్ను తట్టాను. అప్పుడు ఆ గొంతు, "ఆవిడ పేరు నిలబెట్టే దాకా మీకు నిద్రపట్టదమ్మా. బిషప్పుగారికి నిజం చెప్తానని మాటివ్వండి" అంది. ఇస్తానన్నాను. ఇచ్చాను. బయటికొచ్చి మీ ఇంట్లో నువ్వు పెట్టిన టీ తాగాను. నువ్వు చక్కెర వెయ్యడం మర్చిపోయావు. పరధ్యానం ఎక్కువైందని ఆటపట్టించాను.

సంకీర్తనంలో చెప్పింది వదిలెయ్. ఇప్పుడు నీ అక్కగా ఉత్తరంలో చెప్తున్నాను. బియ్యప్పిండి కలిపింది నేను. నిరుడు వచ్చిన గోధుమపిండి పాడుది. పలక అచ్చుకి అంటుకుపోయేది, గోధుమరంగు మరకలతో లేచేది. మూడు గుళ్ళనుంచి ఫిర్యాదులొచ్చాయి. ఇరవై రెండేళ్ళలో నా అప్పానికి వంక పెట్టినవాళ్ళు లేరు. మొదట గుప్పెడు కలిపాను. తెల్లగా, మల్లెపూవులా లేచింది. తర్వాత గిన్నెడు. చివరికి సగానికి సగం. డబ్బా ఆవిడ అలమర వెనక పెట్టింది ఆవిణ్ణి ఇరికించాలని కాదు, పిండి డబ్బాలు ఉండే చోటు అదే గనక. తనిఖీవాళ్ళు దాన్ని పైకెత్తి ఎవరిదని అడిగినప్పుడు నోరు తెరిచాను, మాట రాలేదు. ఆవిడ నావైపు చూసింది. నాదని ఆవిడకి తెలుసో తెలీదో ఈ రోజుకీ నాకు తెలీదు. ఆవిడ ఏడ్చింది, అంతే.

చదవమని నిన్ను పోరింది నేను. చదివేస్తే నేను బతికిపోతానని. అది నాకు నేను కూడా చెప్పుకోలేదు, పోపుగారి మాట అని పైకి చెప్పుకున్నాను. నీ మీద ఆ రెండో నేరం మోపింది కూడా నేనే. నువ్వు ఇవన్నీ తెలిసి, చెయ్యి వణుకుతోంది అక్కా, వేళకి తిను అక్కా అని రాశావు.

రేపు వెళ్ళి చెప్తాను. ఇప్పుడే వెళ్ళాలి నిజానికి. చాలా భయంగా ఉంది.

అక్క


జూలై 12, శుక్రవారం

తమ్ముడూ,

చెప్పాను. నమ్మలేదు.

కార్యదర్శి ఫాదరు చేతులు కట్టుకుని విన్నారు. "మొన్న మీ తమ్ముడికి మతి స్తిమితం లేదన్నారు. తర్వాత సంకీర్తనం అన్నారు. ఇవాళ నేనే అంటున్నారు. రేపేమంటారమ్మా?" అన్నారు. తప్పు ఆయనది కాదు. తమ్ముణ్ణి కాపాడుకోడానికి ఏమైనా చెప్పే మనిషినని ఆయనకు చూపించింది నేనే.

అప్పుడు కోపమొచ్చింది. భయం ఎక్కడికి పోయిందో తెలీదు. "లేచి రండి" అన్నాను. ఆయన నిజంగానే లేచి వచ్చారు. ఆయన కళ్ళముందే రెండు గిన్నెల్లో పిండి కలిపాను. ఒకటి గోధుమపిండి, ఒకటి సగం బియ్యప్పిండి. రెండోది ఎంత జారుగా కలపాలో, అచ్చు మీద ఎంతసేపు ఎక్కువ ఉంచాలో ఐదు నెలలు ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. జల్లెడమ్మ ఏనాడూ అచ్చు ముట్టలేదు, ఆవిడది పిండి పనే. రెండు పలకలూ ఆయన చేతికిచ్చి విరవమన్నాను. గోధుమది కాస్త వంగి విరిగింది. రెండోది టిక్కుమంది.

ఆయన ఇంకో ముక్క విరిచారు. ఇంకోటి. టిక్కు, టిక్కు. "నిరుడు నేను పీఠం మీద అప్పం విరిచినప్పుడల్లా ఈ చప్పుడే వచ్చేది" అన్నారు. స్టూలు మీద కూర్చుండిపోయారు.

కానీ బిషప్పుగారు ఊళ్ళో లేరట. 16న గానీ రారు. పోపుగారి పేరుతో వచ్చిన కాగితాన్ని ఆపే అధికారం తనకు లేదన్నారు. ఆదివారం ఉత్తర్వు ఉత్తర్వేనట, తాళాలకి తనే రావాలట.

తమ్ముడూ, చదవకు. ఎవరొచ్చి నిలబడినా చదవకు. ఇన్నాళ్ళూ చదవమని కాళ్ళు పట్టుకున్నాను, ఇప్పుడు చదవకని పట్టుకుంటున్నాను. నన్ను అప్పాల గదినుంచి పంపేశారు. తాళం చెవి ఆ అమ్మాయికిచ్చాను. తడిగుడ్డ సంగతి అయిదోసారి చెప్పి వచ్చాను.

ఇంకొకటి. సంకీర్తనం చేసుకున్న మనిషి ఒప్పుకుంటే గురువు నోరు విప్పచ్చట కదా. గుసగుస ఫాదర్ని అడిగాను. నేను ఒప్పుకుంటున్నాను. కింద సంతకం పెడుతున్నాను. ఆ గూట్లో విన్నదంతా బిషప్పుగారికి చెప్పు. పొగరుతో మానలేదని, పోపుగారిని ధిక్కరించలేదని వాళ్ళకి తెలియాలి. నిన్ను నువ్వు కాపాడుకో నాన్నా.

అక్క


జూలై 22

అక్కకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆదివారం జరిగింది నీకు ఎవరెవరో ఏమేమో చెప్పి ఉంటారు. నేను చూసింది రాస్తాను.

నేను చదవలేదు. పూజ అయ్యాక తాళాలు ఇచ్చేశాను. మూడు తాళం చెవులు. గుడిది, పక్క గదిది, పీఠం మీది పెట్టెది. మూడోది గుత్తి నుంచి ఎంతకీ రాకపోతే కార్యదర్శి ఫాదరు గోరుతో లాగి తీశారు. తర్వాత జనంవైపు తిరిగి జేబులోంచి కాగితం తీశారు. నేను పీఠం దిగి చివరి బెంచీ దాకా నడిచాను. అక్కడే చోటుంది, దర్జీ కొట్టు ఆవిడ పక్కన. ఆవిడ మోకాళ్ళు పక్కకి తిప్పి నాకు దారిచ్చింది. ఆవిడ చేతులు ఒళ్ళో బిగించుకుని ఉన్నాయి. నావీ అంతే.

ఆయన కాగితం విప్పారు. చాలాసేపు దానివైపు చూశారు. జనం దగ్గడం మానేశారు. అప్పుడాయన దాన్ని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని, "నా గొంతు బాలేదు" అన్నారు. ఆయన గొంతు నిక్షేపంగా ఉంది.

బిషప్పుగారు వచ్చాక తీర్పు నిలిపి, మళ్ళీ విచారించమని పైకి రాశారు. పైనుంచి తప్పు తెలియక ఒక ఆజ్ఞ వస్తే, దాన్ని ఆపి తిరిగి విన్నవించుకోవడం కూడా విధేయతేనని ఆయనే నాతో అన్నారు. సుద్దముక్కతో గీసిన గీత ఆయనకీ గుర్తుంది కాబోలు. ఆవిడ మొన్న బుధవారం దివ్యసత్ప్రసాదం వరుసలో నిలబడిందట. ఇక్కడివాళ్ళు చెప్పారు. దర్జీ కొట్టతను ఆ పూట కొట్టు మూసి మరీ వచ్చాడట.

నా సంగతి అలాగే ఉంది. నిజం బయటపడక ముందే ఎందుకు మానావు, నీకెలా తెలుసు అని మళ్ళీ అడిగారు. మళ్ళీ నేను మాట్లాడలేదు. నా మీది రెండు నేరాలూ పోపుగారి దగ్గరికి వెళ్ళాయి. నన్ను క్షమించాల్సిందీ ఆయనే, నేను కాదన్నదీ ఆయన్నే. జవాబుకి ఆరు నెలలు పట్టచ్చు, రెండేళ్ళు పట్టచ్చు. ముసలి గురువుల ఇంట్లో నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. పొద్దున్నే నాలుగున్నరకి మెలకువొస్తుంది. లేచి ముఖం కడుక్కుని, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంటాను. పోస్టు సైకిలు గంటకి ఇంకా ఉలిక్కిపడుతున్నాను.

నీకు తోడుగా ఎవరున్నారు? వేలికి మందు రాస్తున్నావా? బిషప్పుగారు నిన్ను పిలిస్తే ఒక్కదానివే వెళ్ళకు, కబురు పెట్టు, నేనొస్తాను. పూజ చెయ్యొద్దన్నారు గానీ అక్క పక్కన నడవొద్దనలేదు.

నువ్వు సంతకం పెట్టిన కాగితం దాచాను. దాంతో నాకు పనిలేదు. ఫిబ్రవరిలో ఆ గూట్లో నీతో గుసగుసగా మాట్లాడిన గురువెవరో నాకు తెలీదు అక్కా. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం చెప్తాను, మా అక్క మీకిచ్చిన మాట నిలబెట్టుకుందని.

తమ్ముడు